పాలవ్యానులో పాటల వేట

దేబెన్ భట్టాచార్య 1921లో కాశీలో, బెంగాలీ కుటుంబంలో పుట్టారు. 1949లో లండన్ చేరారు. పొట్టకూటికి తపాలా ఆఫీసులో చేశారు, పుస్తకాల దుకాణంలో చేశారు. మనసు మాత్రం పాట మీదే. బీబీసీ రేడియోలో మన సంగీతాన్ని అక్కడివాళ్లకు వినిపించారు.

1955లో ఆయన చేసిన సాహసం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఒక పాలవ్యానును బాగుచేయించుకుని, బరువైన టేపురికార్డరు అందులో పెట్టుకుని, యూరప్ నుంచి కలకత్తాకు రోడ్డు మార్గాన బయలుదేరారు. సిరియా, జోర్డాన్, ఇరాక్, ఇరాన్... ఆగినచోటల్లా పాటలు పట్టుకున్నారు. ఆ దారిలోని ఎడారుల్లో బెదూయిన్ సంచార తెగలవాళ్లు కాఫీ గింజలు దంచేదీ లయలోనే. చెక్క రోట్లో రోకలి ఒకసారి అడుగున దిగుతుంది, ఒకసారి అంచును తాకుతుంది. ఆ చప్పుడే అతిథులకు పిలుపు. మన దంపుళ్ల పాటలు విన్న చెవికి అది కొత్తగా ఉండదు.

తర్వాత బెంగాల్‌లో ఊరూరా తిరిగి పాడే బావుల్ గాయకుల పాటలనూ ఇంగ్లీషులోకి తెచ్చారు. 2001లో పారిస్‌లో కన్నుమూశారు. ఆ వ్యాను ప్రయాణం కథ 2018లో, ఆయన రికార్డు చేసిన పాటలతో సహా, పుస్తకంగా వచ్చింది.