మనోరోగి మాటకు చోటు

దేశ విభజన జరిగిన మూడేండ్లకు, 1950లో, లాహోరు మానసిక చికిత్సాలయంలోని హిందూ, సిక్కు రోగులను వందల సంఖ్యలో అమృతసర్‌కు తరలించారు. ఇక్కడి ఆసుపత్రులలోని ముస్లిం రోగులను అటు పంపారు. సైన్యాన్ని, ఖజానాను, చివరకు కార్యాలయాల కుర్చీలు, బల్లలను సైతం పంచుకొన్న రెండు ప్రభుత్వాలు రోగులను కూడా అలాగే పంచుకొన్నాయి. మీరెక్కడ ఉండదలచుకొన్నారని ఆ రోగులను అడగాలన్న ఆలోచన నాటి చట్టానికి లేదు. సాదత్ హసన్ మంటో ఉర్దూలో వ్రాసిన ‘టోబా టేక్ సింగ్’ కథకు ఆధారం ఈ మార్పిడియే. పాఠకులు దానిని విభజన కథగా గుర్తుంచుకొంటారు. అది రోగి సమ్మతిని గురించిన కథ కూడా.

నాటి చట్టం 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టం. రోగి నుంచి సమాజాన్ని కాపాడడం దాని ప్రధానోద్దేశం. బంధువుల అర్జీ, ఇద్దరు వైద్యుల ధ్రువపత్రాలు, మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉంటే మనిషి ఆసుపత్రిలో చేరిపోయేవాడు. దిక్కులేక తిరిగేవారిని పోలీసులే పట్టి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టేవారు. న్యాయస్థానం ఉత్తర్వు కావాలన్న నియమం అక్రమ నిర్బంధాన్ని కొంత అరికట్టిన మాట నిజమే. కాని ఆ వ్యవహారంలో రోగి మాటకు విలువ స్వల్పం. భారత ఉపఖండమంతా ఈ వారసత్వాన్నే పంచుకొన్నది. పాకిస్తాన్ 2001లోను, బంగ్లాదేశ్ 2018లోను దీని స్థానంలో కొత్త శాసనాలు తెచ్చుకొన్నాయి. భారతదేశంలో 1987లో ఆమోదం పొందిన మానసిక ఆరోగ్య చట్టం 1993లో అమలులోకి వచ్చింది. అయితే అందులో మాటలు మారినంతగా పద్ధతి మారలేదు. అదే 1993లో షీలా బర్సే కేసులో సుప్రీంకోర్టు, ఏ నేరమూ చేయని మనోరోగులను జైళ్ళలో ఉంచడం చట్టవిరుద్ధమని, రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పవలసి వచ్చింది. జబ్బు చేసినందుకు జైలు! స్వతంత్ర దేశంలో నాలుగు దశాబ్దాలకు పైగా ఈ ఆనవాయితీ సాగిపోయింది.

2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున తమిళనాడు రామనాథపురం జిల్లా ఎర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమం అంటుకొన్నది. దర్గా మహిమతో నయమవుతుందన్న నమ్మకంతో బంధువులు విడిచివెళ్ళిన రోగులు అక్కడ ఉన్నారు. వారిలో పలువురి కాళ్ళకు గొలుసులు. లేచి పరుగెత్తడానికి వీలులేక 28 మంది మరణించారు. సుప్రీంకోర్టు తనంత తానే విచారణకు పూనుకొన్నది. నేటి చట్టం ఏ రూపంలోనైనా గొలుసులు వేయడాన్ని నిషేధిస్తున్నది. ఆ చిన్న వాక్యం వెనుక ఇటువంటి చితాభస్మం ఉన్నదని విద్యార్థులు గమనించాలి.

వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారతదేశం 2007లో ధ్రువీకరించింది. దానికి అనుగుణంగా వచ్చినదే 2018లో అమలైన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. చికిత్సను గురించి నిర్ణయించుకొనే సామర్థ్యం ప్రతి వ్యక్తికీ ఉన్నదనే భావనతో ఈ చట్టం ప్రారంభమవుతుంది. ఒకరి నిర్ణయం ఇతరులకు తప్పుగా తోచినంత మాత్రాన వారికి సామర్థ్యం లేదనరాదు. ఇంట్లో ఎదురు చెప్పిన కోడలికో, కులం కాని పెళ్ళికి పట్టుపట్టిన కొడుకుకో పిచ్చి ముద్ర వేయడం ఎంత సులభమో తెలిసినవారికి ఈ నియమం విలువ తెలుస్తుంది. సమాజపు నీతినియమాలకు లొంగకపోవడమే వ్యాధి అని తేల్చరాదని కూడా చట్టం వేరుగా చెప్పింది.

మరి నిర్బంధంగా చేర్చవలసిన సందర్భాలే ఉండవా? ఉంటాయి. రోగి తనకు తాను హాని చేసుకోబోయినా, ఇతరులపై దౌర్జన్యానికి దిగినా, తన్ను తాను చూసుకోలేని ప్రమాదకర స్థితిలో ఉన్నా అతని ప్రతినిధి దరఖాస్తుపై చేర్చుకోవచ్చు. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. వారిలో ఒకరు మనోవైద్యుడై ఉండాలి. ఇంతకంటె తక్కువ కట్టుబాటుతో చికిత్స సాధ్యం కాదని తేలాలి. గడువు 30 రోజులు మాత్రమే. ఏడు రోజులలోగా, స్త్రీ లేదా మైనరు అయితే మూడు రోజులలోగా, సమీక్షా మండలికి తెలియజేయాలి. రోగి సామర్థ్యాన్ని వారం వారం తిరిగి పరిశీలించాలి. తన్ను చేర్చుకోవడం సరికాదని రోగి స్వయంగా మండలికి అర్జీ పెట్టుకోవచ్చు; ఉచిత న్యాయసహాయం పొందవచ్చు.

ఆ మండలి కూర్పు ఆసక్తికరం. జిల్లా జడ్జి స్థాయి అధ్యక్షుడు, కలెక్టరు ప్రతినిధి, వైద్యులు ఉంటారు. వీరితోపాటు వ్యాధిని అనుభవించినవారికి, వారి సంరక్షకులకు లేదా ఈ రంగంలో పనిచేసే సంస్థల ప్రతినిధులకు రెండు స్థానాలున్నాయి. ఆసుపత్రి మంచం మీద పడుకొన్నవాడు తీర్పు చెప్పే కుర్చీలో కూర్చోవడం మన పరిపాలనలో కొత్త సంగతి. ఇంకొక సాధనం ముందస్తు నిర్దేశం. వయోజనుడెవరైనా ఆరోగ్యంగా ఉన్నప్పుడే, జబ్బు తిరగబెడితే తనకు ఏ చికిత్స కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో వ్రాసి ఉంచవచ్చు. అత్యవసర చికిత్సకు మాత్రం అది అడ్డురాదు.

ఈ కొత్తదనం దేశానికి పూర్తిగా కొత్త కాదు. లాహోరు రోగులు చేరిన అమృతసర్ ఆసుపత్రిలోనే 1950లలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల కుటుంబాలను వారితోపాటు ఉంచుకొన్నారు. వ్యాధి అంటే ఏమిటో బంధువులకు వివరించారు. ఇంటివారు పక్కనున్న రోగిని మరచిపోవడం ఎవరికైనా కష్టం. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల కూడా ఆ మార్గాన్ని అనుసరించింది. ఆ ఏర్పాటుకు చట్టం ఆజ్ఞ అవసరం కాలేదు.

కుటుంబం ఎల్లవేళలా రోగి పక్షమే అనుకోవడానికి వీలులేదు. ఆస్తి తగాదాలుంటాయి, పరువు భయాలుంటాయి. హైదరాబాదులో ఎర్రగడ్డ అన్న ఊరిపేరే ఎగతాళి మాటగా మారిందంటే, అక్కడి నుంచి ఇంటికి వచ్చిన మనిషికి సంబంధాలు దొరకడం, ఉద్యోగం దొరకడం ఎంత కష్టమో ఊహించవచ్చు. అందుకే తన ప్రతినిధిని ఎన్నుకొనే హక్కును చట్టం రోగికే ఇచ్చింది. అతడు స్నేహితుడు కావచ్చు, పొరుగువాడు కావచ్చు. రక్తసంబంధం ఉండి తీరాలన్న నియమం లేదు.

నయమైన తరువాత కూడా కొందరు వార్డులలోనే ఉండిపోతారు. ఇంటి చిరునామాకు వ్రాసిన ఉత్తరాలకు జవాబు రాదు. ఇల్లు లేదన్న కారణంతోగాని, కుటుంబం స్వీకరించలేదన్న కారణంతోగాని ఎవరినీ ఆసుపత్రిలో ఉంచరాదని, అటువంటివారికి సమాజం మధ్య నివాసాలు ఏర్పరచవలసింది ప్రభుత్వాలేనని 2017 చట్టం నిర్దేశిస్తున్నది. ఆ ఇళ్ళు కట్టవలసి ఉన్నది.