పూస చేసిన చెయ్యి ఏది?



జహీరాబాద్ దాటి చిరాగ్‌పల్లి వైపు తండాల్లో, పెద్దతరం లంబాడీ ఆడవాళ్ల ఒంటిమీద పూసలూ, అద్దాలూ, నాణేలూ చూసే ఉంటారు. మన పెట్టెల అడుగున కూడా అమ్మమ్మల నాటి పూసలదండ ఒకటి ఉంటుంది గదా! కొనవచ్చినవాడు "ఇది వెనిస్ పూసమ్మా, ఫలానా కంపెనీది" అంటాడు. మరొకడు "ఉత్త గాజు" అని ప్లాస్టిక్ బేసిన్ చేతిలో పెట్టి పట్టుకుపోతాడు. ఇద్దరినీ నమ్మకండి. గిన్నె మీద పేరు కొట్టించుకుంటాం గాని, పూస మీద అంత చోటేదీ?

పూసను వెలుగుకి పట్టి భూతద్దంతో చూడండి. లోపలి చారలూ బుడగలూ బెజ్జం వెంట పొడుగ్గా సాగితే, గాజును సన్నని గొట్టంలా లాగి ముక్కలు చేసిందన్నమాట. బెజ్జం చుట్టూ తిరిగితే, కరిగిన గాజును తీగకు చుట్టింది. అతుకు గీత కనబడితే అచ్చులో నొక్కింది కావచ్చు.

వెనిస్‌లో లాగడమూ ఉంది, చుట్టడమూ ఉంది. అగ్ని భయంతో 1291లో గాజు కొలిములను మురానో దీవికి పంపేశారు. అక్కడే 1487లో మరియా బరోవియెర్ అనే ఆవిడకు సొంతంగా చిన్న కొలిమి పెట్టుకోడానికి అనుమతి దొరికింది. పొరలుపొరలుగా నక్షత్రం కనిపించే పూస ఆవిడ చలవే అంటారు. ఇంత స్పష్టంగా పేరు మిగలడం అరుదు. 19వ శతాబ్దపు లండన్ వర్తకుడు లెవిన్ పూసల నమూనా అట్టలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటివల్ల తెలిసేది అమ్మినవాడి పేరు. దీపం మంట దగ్గర కూచుని చుట్టినవాళ్ల పేర్లూ, గుచ్చి దండలు కట్టిన వెనిస్ ఆడవాళ్ల పేర్లూ కావు.

లాగిన పూసలన్నీ వెనిస్‌వే అనుకోకండి. అక్కడ ఇద్దరు మనుషులు ముద్దను చెరో వైపు పట్టుకుని దూరంగా నడిచేవారు. మన తిరుపతి దగ్గరి పాపానాయుడుపేటలో కొలిమిలోంచి గొట్టాన్ని చేత్తో లాగేవారు, ముక్కలు కోసి, బూడిదలో కలిపి మళ్లీ కాల్చి అంచులు నునుపు చేసేవారు. ఆ పద్ధతి రెండువేల ఏళ్లనాటిది. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో కూడా అలాంటివి దొరికాయి. సంగారెడ్డి దగ్గర కొండాపూర్ మ్యూజియానికి వెళ్తే, శాతవాహనుల నాటి పూసలు మీరే చూడొచ్చు. ఒంటిరంగు చిన్నపూసను కంటితో చూసి ఏ దేశానిదో తేల్చడం, నన్నడిగితే, సాహసమే.

అందుకని దండను తెంపి కొత్తదారంలో గుచ్చకండి. పాత దారమూ, పూసల వరసా కూడా ఆధారాలే. సోడాలో ఉడికించకండి, మెత్తటి పొడిబట్టతో తుడవండి చాలు. ఏ సంతలో కొన్నారో, ఎవరిచ్చారో అత్తగారినడిగి, ఆ కాగితం దండతోపాటే డబ్బాలో పెట్టండి.