పట్నం ఇచ్చిన జీతం, పట్నం తీసుకున్న అద్దె
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నగరాలు, జీతాలు, ఇళ్ల అద్దెల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను ఆర్థికవేత్తను కాను. ముప్ఫై అయిదేళ్లు లెక్కల విభాగంలో పనిచేసినవాడిని. కనుక లెక్కే చెబుతాను.

1984లో కావలి నుంచి బదిలీపై హైదరాబాదు వచ్చి చిక్కడపల్లిలో రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నాను. ఆ రోజుల్లో ఒక మిత్రుడు కూకట్‌పల్లి వైపు రెండు వందల గజాల స్థలం కొంటూ నన్నూ చేరమన్నాడు. "నా గాజులున్నాయి కదండీ, కొనేద్దాం" అంది మా ఆవిడ. "ఆ గుట్టల్లోకి ఎవరు పోతారు? రిటైరయ్యాక కావలి వెళ్లిపోదాం" అన్నాను. ఆ మాటకు ఈనాటికీ నెలనెలా అద్దె కడుతున్నాను.

నగరంలో జీతం ఎందుకు ఎక్కువ? 1890లోనే మార్షల్ అనే ఆంగ్ల ఆర్థికవేత్త దీనికి కారణాలు వివరించాడు. ఒకే పని తెలిసినవారు ఒకచోట చేరితే మనిషికి పని, పనికి మనిషి సులువుగా దొరుకుతారు. విడిభాగాలు చేసేవారు పక్కనే వెలుస్తారు. పనిలోని మెళకువలు ఒకరి నుంచి ఒకరికి అందుతాయి. మన బాలానగర్ చూడండి. పెద్ద కర్మాగారాల చుట్టూ ఎన్ని లేత్ షాపులు వచ్చాయి! 1998లో హైటెక్ సిటీ ప్రారంభమయ్యాక మాదాపూర్‌లోనూ అదే జరిగింది. అక్కడ పెద్ద జీతాలు వస్తే డ్రైవరుకు, వంటమనిషికి కూడా నాలుగు రూపాయలు ఎక్కువ దొరుకుతాయి.

అయితే మనుషులు వచ్చినంత వేగంగా ఇళ్లు రావు. భూమి అసలే పెరగదు. అందుచేత పెరిగిన జీతంలో కొంత ఇంటి యజమాని చేతికి పోతుంది. ఇళ్లు కట్టనివ్వని చోట ఇంకా ఎక్కువ పోతుంది. బొంబాయి పాత నగరంలో 1991 నిబంధనల ప్రకారం స్థలానికి 1.33 రెట్లే కట్టడానికి వీలుండేది. హైదరాబాదులో 2006 నిబంధనలతో ఆ రకం పరిమితి తొలగి, రోడ్డు వెడల్పును బట్టి ఎత్తును నిర్ణయించే పద్ధతి వచ్చింది. బొంబాయితో పోలిస్తే ఇక్కడ ఇల్లు చౌకగా దొరకడానికి ఇదొక కారణం.

ఇక మన సంగతి. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఈ తేడాను సర్కారు గుర్తించింది. కేంద్ర ఉద్యోగులకు ఇంటి అద్దె భత్యం ఊరి జనాభాను బట్టి మూడు తరగతులు. 2024 జనవరిలో డి.ఏ. 50 శాతానికి చేరాక హైదరాబాదు వంటి నగరాలకు మూలవేతనంలో 30 శాతం, విజయవాడ, వరంగల్లు వంటివాటికి 20, కావలి వంటి ఊళ్లకు 10 శాతం అయింది.

రిటైరైన మరునాడు ఆ తరగతులన్నీ మాయం! చివరి మూలవేతనంలో సగం పెన్షన్, దానిపై డి.ఆర్. అంతే. నేను 2012లో రిటైరైన నెలలో నా అద్దె భత్యం ఆగింది గాని, అద్దె ఆగలేదు. డి.ఆర్. ఉంది కదా అంటారు. అది అఖిల భారత ధరల సూచీని బట్టి వచ్చేది. 2016 ఆధారపు సూచీలో ఇంటి ఖర్చు వాటా రూపాయికి సుమారు 17 పైసలు. నా రూపాయిలో అది 35 పైసలు. కావలి పెన్షనరుకు, హైదరాబాదు పెన్షనరుకు డి.ఆర్. శాతం ఒక్కటే.

మరి కావలి వెళ్లవచ్చు కదా? బయలుదేరాం కూడా. మా ఆవిడకు నెలకోసారి గుండె డాక్టరుకు చూపించాలి. ఆ డాక్టరు, మనవలు, మీరంతా ఇక్కడే ఉన్నారు. జీతం ఇచ్చిన పట్నమే వైద్యమూ ఇస్తోంది. చివరకు చిక్కడపల్లి వదిలి ఉప్పల్‌లో చిన్న వాటాకు మారాం. మెట్రో ఉంది కనుక సమావేశాలకు మాత్రం తప్పించుకోలేకపోతున్నాను.

త్వరలో రిటైరయ్యే సోదరులకు ఒక మనవి. అద్దె భత్యం తీసివేసి ఇంటి లెక్క ఇప్పుడే వేసుకోండి. ఎక్కడ ఉండాలో భార్యతో కలిసి నిర్ణయించండి. నాలాగా ఒక్కరే నిర్ణయించకండి. సంఘానికి ఒక సూచన. మన సభ్యుల్లో సొంత ఇల్లు లేనివారెందరు, పెన్షన్‌లో ఎంత అద్దెకు పోతోందో ఒక పట్టిక తయారు చేద్దాం. వట్టి విన్నపం కంటే లెక్క ఉన్న విన్నపానికి బలం ఎక్కువ. ఆ పట్టికలో మొదటి పేరు నాదే రాసుకోండి.