పది తర్వాత ఏ దారి?

పదో తరగతి ఫలితాలు రాగానే చాలా ఇళ్లలో ఒకటే ప్రశ్న: ఇంటర్‌లో ఎంపీసీయా, బైపీసీయా? ఇంకో చదువే లేనట్టు! కానీ ఉంది.

పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చదవొచ్చు. తర్వాత ఉద్యోగం చూసుకోవచ్చు. లేదా ఈసెట్ రాసి నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరొచ్చు. డిప్లొమాతో చదువు ఆగిపోదు. అమ్మానాన్నలు ఈ మాట ముఖ్యంగా వినాలి.

ఇక ఐటీఐ. దీన్ని చిన్నచూపు చూస్తుంటే నాకు బాధేస్తుంది. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ ట్రేడ్లు రెండేళ్లు. ఫిట్టర్ నేర్చుకునే పిల్లలు ఇనుప ముక్కను వైస్‌లో బిగిస్తారు. ఆకురాయితో అరగదీస్తారు. కొలత చూస్తారు, మళ్లీ అరగదీస్తారు. చేతికి పని అలా వస్తుంది. ఆ తర్వాత అప్రెంటిస్‌గా చేరితే నేర్చుకుంటూనే స్టైపెండ్ అందుకుంటారు.

బాసర, నూజివీడు ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కుల ఆధారంగా ఆరేళ్ల కోర్సులో సీటిస్తారు. పది తప్పినవాళ్లకూ దారి మూసుకుపోలేదు. సప్లిమెంటరీ పరీక్ష ఉంది, ఓపెన్ స్కూల్ ఉంది.

అమ్మానాన్నలకు ఒక్క మనవి. కాలేజీకి ఫీజు కట్టకముందే మీ దగ్గర్లోని పాలిటెక్నిక్‌కో, ఐటీఐకో పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లండి. వర్క్‌షాపు చూపించండి. ఏం చదవాలనుందో వాళ్లనే అడగండి.