వంటయింట త్రాసు

(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఆహారమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినపుడు నేను వైద్యుడను గానని మనవి చేసికొంటిని. ముప్పదియేండ్లు బాలురకు సంస్కృతమును, తెలుగును చెప్పిన వాడను. అయినను నేను ప్రసంగింపదలచినది వైద్యమును గూర్చి కాదు, తూనికను గూర్చి. తూనికను గూర్చి మాటలాడుటకు వైశ్యకులమున పుట్టినవానికి వేరొకరి యనుమతి యక్కరలేదు. వీసెడు చింతపండు తూచినను, గురిగింజయెత్తు బంగారము తూచినను ముల్లు నిలిచినదాక చేయి తీయరాదని మన పెద్దలు మనకు చిన్ననాటనే నేర్పిరి. అట్టి మనము అంగడి మూసి యింటికి వచ్చి విస్తరిముందు కూర్చున్నంతనే త్రాసును మరచి కంటితో కొలుచుచున్నాము. నేను చెప్పదలచిన సంగతి యిదియే.

మూడేండ్ల క్రిందట నా బరువు 82 కిలోలు. మోకాళ్లు నొచ్చుచుండెను, రక్తమున చక్కెర హెచ్చినది. వైద్యుడు దినమునకు 1500 కెలోరీలకు మించక భుజింపుమనియు, తిన్నదెల్ల వ్రాసికొనుమనియు చెప్పెను. పుస్తకము కుట్టుకొని నాలుగు నెలలు వ్రాసితిని. ప్రతిదినము మొత్తము 1500కు లోపుగనే తేలుచుండెను. బరువు మాత్రము అరకిలోయైనను తగ్గలేదు. మొదట వైద్యుని శాస్త్రము తప్పనుకొంటిని. పిమ్మట నా దేహతత్త్వమే యట్టిదనుకొంటిని. కడకు గ్రహస్థితిని గూర్చి కూడ నొకరి నడిగితిని. నా పుస్తకమునందే తప్పుండవచ్చునని మాత్రము తోచలేదు. పిల్లల లెక్కలకు ఎఱ్ఱసిరాతో సున్నలు చుట్టుటకు అలవాటుపడిన చేయి గదా!

కెలోరీ యన నేమో తెలియనివారికి ఒక మాట. ఒక కిలో నీటిని ఒక్క డిగ్రీ సెంటిగ్రేడు వేడిచేయుటకు వలయు ఉష్ణమును ఆహారశాస్త్రమున ఒక కెలోరీ యందురు. అమెరికాయందు విల్బర్ అట్వాటర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దాంతమున ఒక చిన్న గదివంటి యంత్రమును నిర్మించి, మనుష్యులను దానిలో నుంచి, వారి దేహమునుండి వెలువడు ఉష్ణమును కొలిచెను. పిండిపదార్థము గ్రామునకు 4, మాంసకృత్తు గ్రామునకు 4, క్రొవ్వు గ్రామునకు 9 కెలోరీలు అని నేటికిని వాడుచున్న లెక్క ఆయన పరిశోధనలనుండి వచ్చినదే. ఇందు 'గ్రాము' అను మాటను గమనింపుడు. గరిటె యనలేదు, కప్పనలేదు, పిడికెడనలేదు.

మా యబ్బాయి ఒకనాడు వంటయింటికి చిన్న ఎలక్ట్రానిక్ త్రాసును తెచ్చిపెట్టెను. నేను పూటకు రెండు హస్తముల యన్నమును 150 గ్రాములని వ్రాసికొనుచుంటిని. తూచగా 290 తేలినది. చెంచాడు నేయి 5 గ్రాములనుకొంటిని, అది చెంచా కాదు, వడ్డించు గరిటె, 14 గ్రాములు. సాయంకాలపు వేరుసెనగలు పిడికెడు 15 గ్రాములని వ్రాసితిని. నా పిడికిలి 35 గ్రాములు పట్టునది. వండిన యన్నము 100 గ్రాములకు సుమారు 130 కెలోరీలు. రెండు పూటల యన్నమున 360, నేతియందు 160, సెనగలయందు 100కు పైగా, వెరసి దినమునకు 630 కెలోరీల వరకు నా లెక్కలో చేరనేలేదు. 1500 అని వ్రాసి 2100కు పైగా భుజించుచుంటిని. ఇక మనుమడు విడిచిన దోసెముక్క, ఉప్పు చూచుటకు నోట వేసికొన్న పులుసుముక్క, దేవాలయమున దోసిలిపట్టిన చక్కెరపొంగలి - ఇవి యేనాడును పుస్తకమెక్కలేదు. ప్రసాదమునకు లెక్కలేదనువారు కలరు. భక్తికి లెక్కలేదన్న నొప్పుకొందును, నేతికి కలదు.

ఈ తప్పు నాయొక్కనిదే యనుకొని సిగ్గుపడితిని గాని, 1992లో న్యూయార్కునందు జరిగిన యొక పరిశోధనను గూర్చి చదివిన పిమ్మట కొంత ఊరట కలిగెను. ఎంత తక్కువ తినినను బరువు తగ్గుటలేదని చెప్పిన కొందరు స్థూలకాయులను పరీక్షింపగా, వారి దేహములయందు లోపమేమియు కనబడలేదు. తాము తిన్నదానిని సగటున 47 వంతులు నూటికి తక్కువగ చెప్పుచుండిరి. వారు అసత్యవాదులని నేననను. కన్ను తన కిష్టమైనదానిని చిన్నదిగ చూపును.

వ్యాకరణము చదివినవారికి జ్ఞాపకముండును: మన శాస్త్రకారులు కొలతను మూడు విధములుగ విభజించిరి. పొడవును కొలుచుట ప్రమాణము, పాత్రతో కొలుచుట పరిమాణము, బరువు తూచుట ఉన్మానము. పాఠము చెప్పినన్నాళ్లు ఈ భేదము పరీక్షకొరకే యనుకొంటిని. దీని ప్రయోజనము వంటయింట తెలిసినది. సోల, తవ్వ, మానిక మొదలగునవన్నియు పరిమాణములు. అవియును ఒక్కొక్క సీమయందు ఒక్కొక్క తీరుగ నుండెడివి. 1956లో శాసనము వచ్చి కిలోగ్రాము, లీటరు స్థిరపడినను కప్పుల గొడవ తీరలేదు. రైస్ కుక్కరుతో వచ్చు కప్పు 180 మిల్లీలీటర్లు, దానిలో సుమారు 150 గ్రాముల బియ్యము పట్టును. అమెరికా వంటపుస్తకముల కప్పు 240, దానిలో 200 గ్రాములు పట్టును. రెండును కప్పులే!

వండిన యన్నముతో మరియొక చిక్కు కలదు. అత్తెసరు పెట్టిన యన్నము వేరు, గంజి వార్చినది వేరు. నీరు పీల్చినకొలది బరువు మారును. పాతబియ్యము ఒదిగినట్లు క్రొత్తబియ్యము ఒదుగదని యీ సభలోని తల్లులకు నేను చెప్పవలయునా? కౌటిల్యుడు అర్థశాస్త్రమున కోష్ఠాగారమును గూర్చి చెప్పుచు, ఆళ్లు మొదలగు ధాన్యములు వండగా మూడింతలు, వ్రీహి నాలుగింతలు, శాలి యైదింతలు అగునని లెక్క వ్రాసెను. భాండారమును కాపాడువానికి ఎంత యన్నము కనబడినదన్నది ముఖ్యము కాదు, ఎంత గింజ ఖర్చైనదన్నదే ముఖ్యము. దేహమునకును అంతియే. కావున వండకముందే తూచుట మేలు. పచ్చిబియ్యము 100 గ్రాములకు సుమారు 355 కెలోరీలు. ఇందు సందేహము తక్కువ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనలయందు 2000 కెలోరీల దినభోజనమునకు 250 గ్రాముల ధాన్యమని చెప్పినదియు వండని ధాన్యమును గూర్చియే.

ఇంటిల్లిపాదికి ఒకే పాత్రలో వండునపుడు ఎట్లందురా? పులిహోర చేసితిమనుకొనుడు. బియ్యము 500 గ్రాములు, నూనె 60, వేరుసెనగలు 50. అన్నియు కలిసి సుమారు 2580 కెలోరీలు. ఖాళీ పాత్ర బరువును ముందే తూచి గోడపై వ్రాసియుంచినచో, వండిన పిమ్మట దానిని తీసివేసి పులిహోర బరువు తెలిసికొనవచ్చును. అది 1600 గ్రాములైనచో 100 గ్రాములకు 160 కెలోరీలు. నేతికి ఇంకొక యుపాయము. నేతిగిన్నెనే త్రాసుపై నుంచి 'టేర్' అను మీట నొక్కిన సున్న చూపును. కావలసినంత తీసినపిమ్మట ఋణచిహ్నముతో ఎంత చూపునో అంతయే మనము తీసినది. గరిటెకంటినది కూడ లెక్కకు వచ్చును.

అన్నిటిని ఇంత సూక్ష్మముగ తూచనక్కరలేదు. తోటకూర, బీరకాయ, మజ్జిగతేట తూచుచు కూర్చున్నవాడు రెండువారములలో విసిగి త్రాసును అటుకపై పడవేయును. నూనె, నేయి, గింజలు, ధాన్యము, బెల్లము, వీనిని తూచిన చాలును. పట్టికలయందలి అంకెలును సగటులే కనుక ఒక గ్రాము తేడాకు కలహింపరాదు. రెండు మూడు నెలలు తూచగా కన్నునకు కొంత బుద్ధి వచ్చును. అయినను అప్పుడప్పుడు దానిని పరీక్షించుచుండవలయును. నా కన్ను ఆఱునెలలలో మరల చెడినది.

ఇక అసలు కష్టమును చెప్పెదను. త్రాసు ఇంటికి వచ్చిననాడు మా ఇంటిది, "అన్నమును తూచుటా? ఇంటికి అరిష్టము కాదా?" యని యడిగినది. "ఎసటిలో పోయు బియ్యమును నీవు ప్రతిదినము సోలతో కొలుచుచునే యున్నావు గదా" యంటిని. ఆమె, "నేను కొలిచినది బియ్యమును. మీరు కొలువబూనినది వడ్డించు చేతిని" అన్నది. నాకు బదులు తోచలేదు. నలువది సంవత్సరములు ఆ చేయి మారు వడ్డించినది ప్రేమచేతనే గాని లెక్క తెలియక కాదు. ఆ రాత్రి మేమిద్దరము ఆలోచించి యొక యొడంబడికకు వచ్చితిమి. ఉదయము నా వంతు బియ్యమును, నేతిని, నూనెను నేనే తూచి వేరుగ నుంచుదును, వడ్డన ఆమెయిష్టము. నా నేతిగిన్నె తరగినదాక ఆమె ఎన్నిమారులైనను వడ్డింపవచ్చును. వడ్డించునపుడు నేను త్రాసువైపు చూడరాదు. తొమ్మిది నెలలలో నా బరువు 73 కిలోలకు వచ్చినది.

ఎదుగు పిల్లల విస్తరియొద్దకును, గర్భవతుల యొద్దకును, బాలింతల యొద్దకును ఈ త్రాసును తీసికొనిపోవలదు. చక్కెరవ్యాధికి ఇన్సులిన్ తీసికొనువారు వైద్యుని యడుగక ఆహారము తగ్గింపరాదు. అతిథి విస్తరి సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఇంకొక మాట: కోడలి విస్తరిని అత్తగారు తూచుటకు నా యుపన్యాసమును సాక్ష్యముగ చూపినచో నే నొప్పుకొనను. త్రాసు ఎవరి విస్తరికి వారిదే.

భోజనశాల ద్వారముకడ నొక బల్లపై త్రాసును, మూడు గిన్నెలలో అన్నమును ఉంచుమని కార్యదర్శిగారిని వేడితిని. వారు దయతో నంగీకరించిరి. ఏ గిన్నెలో ఎన్ని గ్రాములున్నవో ముందుగ చీటిపై వ్రాసి, పిమ్మట తూచి చూచుకొనుడు. నేను నిన్నటి సాయంకాలము ప్రయత్నించి మూడింటను రెండు తప్పితిని. బొబ్బట్లు మాత్రము ఆ బల్లమీదికి రావు. అది వంటవారితో నేను ముందుగ చేసికొన్న యేర్పాటు.