స్కోరుబోర్డు మీద మూడో గడి
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పొదుపు గురించి మాట్లాడమన్నారు. 37 ఏళ్లు బ్యాంకులో గుమాస్తాగా చేసినవాణ్ణి కాబట్టి అందరూ నన్ను అదే అడుగుతారు. ఈసారి వారి అనుమతితో బేస్‌బాల్ గురించి మాట్లాడతాను. నవ్వకండి. బరంపురంలో పుట్టి, బరంపురంలోనే రిటైరైనవాడికి ఆ ఆటతో పనేమిటంటారా? 2023 వేసవిలో అమెరికాలోని మిషిగన్‌లో మా అమ్మాయి దగ్గర ఐదు నెలలున్నాను. పదకొండేళ్ల మా మనవడు నాకు గురువయ్యాడు. డెట్రాయిట్ నగరంలో స్టేడియానికి తీసుకువెళ్లి, చేతికి పెన్సిలూ స్కోరు కాగితమూ ఇచ్చి, "తాతా, నువ్వు లెక్కలు రాసేవాడివి కదా, రాయి" అన్నాడు.

ఆట క్లుప్తంగా చెబుతాను. ఒక్కో జట్టుకు తొమ్మిది ఇన్నింగ్సులు, ఇన్నింగ్సుకు మూడు అవుట్లు. అంటే ఒక జట్టు ఆట పూర్తి కావాలంటే 27 అవుట్లు. బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. బంతి కొట్టినవాడు నాలుగు మూలలూ చుట్టి బయలుదేరిన చోటికి చేరితే ఒక పరుగు. మనవాళ్లెవరైనా ఆడారా అని కుర్రాళ్లు అడుగుతారు కాబట్టి అదీ చెప్పేస్తాను. ఉత్తరప్రదేశ్ నుంచి రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు జావెలిన్ విసిరే కుర్రాళ్లు ఒక టీవీ పోటీలో నెగ్గి, 2008లో పిట్స్‌బర్గ్ జట్టుతో ఒప్పందం చేసుకున్నారు. పై స్థాయి దాకా చేరలేదు. అయినా అంత దూరం వెళ్లారు.

నన్ను ఆకట్టుకున్నది స్కోరుబోర్డు. దాని చివర మూడు గడులుంటాయి. మొదటిది పరుగులు, రెండోది హిట్లు, మూడోది ఎర్రర్లు, అంటే తప్పులు. పట్టాల్సిన బంతి వదిలేసినా, విసరాల్సిన చోటికి విసరకపోయినా, అధికారికంగా స్కోరు రాసే మనిషి దాన్ని తప్పుగా నిర్ణయిస్తాడు. వేలాది జనం చూస్తుండగా ఆ గడిలో అంకె పెరుగుతుంది. మన క్రికెట్లో క్యాచ్ వదిలేసినవాడి పేరు స్కోరుకార్డులో ఎక్కడా కనబడదు. బేస్‌బాల్ ఆటను ఇలా పద్దుల పట్టీగా రాసే పద్ధతికి రూపమిచ్చిన హెన్రీ చాడ్విక్, ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన పత్రికా రచయిత, మొదట క్రికెట్ గురించి రాసినవాడే. ఆయన గుమాస్తాగా ఉంటే మంచి పేరు తెచ్చుకునేవాడని నా ఉద్దేశం.

మేము కూర్చున్న ఆ స్టేడియంలోనే 2010 జూన్ 2న జరిగిన సంగతి మనవడు చెప్పాడు. తర్వాత మా అల్లుడు వీడియో చూపించాడు. నాలుగుసార్లు చూశాను.

డెట్రాయిట్ జట్టుకు అర్మాండో గలరాగా అనే వెనిజులా దేశపు పిచ్చర్ ఉండేవాడు. గొప్ప పేరున్నవాడు కాదు, కొద్ది వారాల ముందే కింది స్థాయి జట్టు నుంచి పైకి వచ్చాడు. ఆ రోజు క్లీవ్‌లాండ్ జట్టుతో ఆట. వచ్చినవాణ్ణి వచ్చినట్టే పంపేస్తున్నాడు. ఇరవై ఏడుగురినీ ఒక్కరూ మొదటి మూలకైనా చేరకుండా అవుట్ చేస్తే దాన్ని 'పర్ఫెక్ట్ గేమ్' అంటారు. 1880 నుంచి 2023 దాకా రెండు లక్షలకు పైగా ఆటల్లో అది జరిగింది 24 సార్లే. తొమ్మిదో ఇన్నింగ్సులో ఆస్టిన్ జాక్సన్ అనేవాడు వెనక్కి తిరిగి పరుగెత్తుతూ భుజం మీదుగా ఒక బంతి పట్టాడు. చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఇరవై ఆరుగురు అవుట్. ఇక ఒక్కడే మిగిలాడు.

ఆ చివరివాడు, జేసన్ డొనాల్డ్, బంతిని నేల మీదుగా కొట్టాడు. మిగెల్ కబ్రేరా పట్టి మొదటి మూలకు విసిరాడు. గలరాగా తానే అక్కడికి పరుగెత్తి బంతి అందుకుని కాలు మోపాడు. డొనాల్డ్ ఇంకా ఒక అడుగు దూరంలో ఉన్నాడు. అక్కడ నిలబడ్డ అంపైర్ జిమ్ జాయిస్, ఇరవై ఏళ్లకు పైగా అనుభవమున్నవాడు, చేతులు చాచి "నాటవుట్" అని సైగ చేశాడు.

స్టేడియమంతా గోల. ఆటగాళ్లు జాయిస్ మీద అరుస్తున్నారు. గలరాగా మాత్రం చిన్నగా నవ్వాడు. వెనక్కి వెళ్లి తర్వాతివాణ్ణి అవుట్ చేసి ఆట ముగించాడు. ఆ తర్వాత జాయిస్ గదిలోకి వెళ్లి వీడియో చూశాడు. చూసి, ఆ కుర్రాణ్ణి పిలిపించమన్నాడు. కన్నీళ్లతో అతణ్ణి కౌగిలించుకుని క్షమాపణ చెప్పాడు. ఆ కుర్రాడి పర్ఫెక్ట్ గేమ్ తానే పోగొట్టానని విలేకరుల ముందూ ఒప్పుకున్నాడు. వెలుతురు మీదా, జనం గోల మీదా నెట్టలేదు.

ఆయన కుటుంబానికి తిట్లు, బెదిరింపులు వచ్చాయి. మర్నాడు మధ్యాహ్నం అదే రెండు జట్లకూ మళ్లీ ఆట. కావాలంటే రావద్దని పైవాళ్లు అన్నారు. ఆయన వచ్చాడు. ఆటకు ముందు జట్ల పేర్ల కాగితం అంపైరుకు ఇవ్వడం ఆనవాయితీ. డెట్రాయిట్ తరఫున ఆ కాగితం పట్టుకొచ్చింది గలరాగా. జాయిస్ కళ్లు తుడుచుకుంటూ అందుకున్నాడు. ముందురోజు తిట్టిపోసిన జనంలో చాలామంది చప్పట్లు కొట్టారు.

పుస్తకంలో మాత్రం ఆ తీర్పు మారలేదు. కమిషనర్ మార్చనన్నాడు. ఇలాంటి తీర్పులను వీడియోలో సరిచూసే పద్ధతి 2014లో వచ్చింది. క్లీవ్‌లాండ్ పద్దులో ఈనాటికీ ఒక హిట్ ఉంది. అంపైర్ తప్పుకు స్కోరుబోర్డు మీద గడి లేదు. అది ఆయనే నోటితో రాసుకున్నాడు.

ఇదంతా చెప్పి మా మనవడు, "తాతా, నీకెప్పుడైనా ఎర్రర్ పడిందా?" అన్నాడు.

పడింది. 1986లో. నేను ఉద్యోగంలో చేరి మూడేళ్లు. కంప్యూటర్లు లేవు. సేవింగ్స్ లెడ్జర్లన్నీ చేతిరాతే. నెలాఖరున నిల్వలు కూడి జనరల్ లెడ్జరుతో సరిచూడాలి. ఆ నెల 900 రూపాయలు తేడా వచ్చింది. మా గుమాస్తాలకు ఒక చిట్కా ఉంది. తేడా తొమ్మిదితో శేషం లేకుండా భాగింపబడితే, ఎక్కడో రెండు అంకెలు తారుమారై ఉండవచ్చు. ఆ లెడ్జరు నేనూ, కొత్తగా చేరిన ఒక కుర్రాడూ చూసేవాళ్లం. కొత్తవాడు కాబట్టి తప్పు అతనిదేనని అధికారిగారు అందరి ముందు నిలబెట్టి చీవాట్లు పెట్టారు. ఆ సాయంత్రం నేనే పేజీలు తిరగేశాను. 5,400 పడాల్సిన చోట 4,500 పడింది. పక్కన పొట్టి సంతకం నాది.

లెడ్జరు మూసేసి ఇంటికి వెళ్లిపోయాను. రెండు రోజులు నోరెత్తలేదు. మూడో రోజు రాత్రి ఎనిమిదింటికి ఆ కుర్రాడు మళ్లీ మొదటి పేజీ నుంచి కూడుకుంటూ కూర్చుంటే, చూడలేక అధికారిగారికి చెప్పాను. ఆయన, "సరే, దిద్దండి" అన్నారు. అంతే! ఆ రెండు ముక్కల కోసం నేను రెండు రాత్రులు నిద్రపోలేదు. ఎర్రసిరాతో దిద్ది సంతకం చేశాను. కానీ ఆ కుర్రాడు తర్వాత నాతో టీకి రావడం మానేశాడు. మరుసటి ఏడాది బదిలీ అయి వెళ్లిపోయాడు.

మనవడు అంతా విని, "అతనికి సారీ చెప్పావా?" అన్నాడు. లెడ్జరు దిద్దానుగానీ అతనికి చెప్పలేదు. అతనిప్పుడు ఎక్కడున్నాడో కనుక్కోవడానికి రెండేళ్లుగా ప్రయత్నిస్తున్నాను.

తల్లిదండ్రులకు ఇంకొక ఆట చెప్పాలి. అదే 1986, అక్టోబరు 25, న్యూయార్కు. ఛాంపియన్‌షిప్ పోటీల్లో ఆరో ఆట. బోస్టన్ జట్టు 1918 తర్వాత కప్పు ఎరగదు. ఒక్క అవుట్ దొరికితే కప్పు వాళ్లది. రెండు పరుగుల ఆధిక్యం ఉంది. అక్కణ్ణుంచి న్యూయార్కు వాళ్లు వరసగా కొట్టి 5-5కు తెచ్చారు. అప్పుడు మూకీ విల్సన్ కొట్టిన బంతి మెల్లగా దొర్లుకుంటూ వచ్చి బిల్ బక్నర్ కాళ్ల సందులోంచి పోయింది. బోస్టన్ ఓడింది. రెండు రోజుల తర్వాత ఏడో ఆటా ఓడి కప్పు పోగొట్టుకుంది.

ఇక చూడండి, ఊరంతా ఆయన మీదే. గుమాస్తాగా నేను చెబుతున్నాను, ఆ పద్దు సరిగా వేయలేదు. బంతి ఆయన దగ్గరికి వచ్చేసరికే ఆధిక్యం పోయింది. ఆయన పట్టినా ఆట సమంగా సాగేదేకాని బోస్టన్ గెలిచినట్టు కాదు. ఏడో ఆట ఇంకా మిగిలే ఉంది. చీలమండలు చెడి కుంటుతున్న మనిషిని చివర్లో పక్కన కూర్చోబెట్టనిది మేనేజరు. జీవితం మొత్తంలో 2,715 హిట్లు కొట్టినవాడి పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది ఆ ఒక్క బంతి. నష్టమంతా ఒక్క ఎంట్రీ కింద వేసేశారు. ఇళ్లలో మార్కుల కాగితం వచ్చిన రోజున మనమూ అదే చేస్తాం. నేనూ చేశాను, మా అబ్బాయి విషయంలో.

బక్నర్ చివరకు కుటుంబంతో దూరంగా ఐడహో రాష్ట్రానికి వెళ్లిపోయాడు. 2008 ఏప్రిల్ 8న బోస్టన్ వాళ్లు పిలిచి, ఆట ఆరంభంలో మొదటి బంతి ఆయన చేత వేయించారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే ఆయన కళ్లు తుడుచుకున్నాడు. అప్పటికి ఇరవై ఒక్క ఏళ్లు దాటాయి. 2019లో కన్నుమూశాడు.

సంస్థలూ తప్పు పద్దులు రాస్తాయి. నల్లజాతి ఆటగాళ్లను పెద్ద లీగుల్లోకి రానివ్వని రోజుల్లో వాళ్లు తమ లీగుల్లో ఆడుకునేవారు. ఆ లెక్కలు పెద్ద పుస్తకంలో కలపలేదు. జాకీ రాబిన్సన్ 1947 ఏప్రిల్ 15న ఆ అడ్డు దాటి బ్రూక్లిన్ తరఫున దిగాడు. అంతకు మూడు నెలల ముందే జోష్ గిబ్సన్ అనే మహా ఆటగాడు 35 ఏళ్లకే చనిపోయాడు, ఆ తలుపు తెరుచుకోవడం చూడకుండానే. 2024లో ఆ పాత లెక్కలను అధికారికంగా పుస్తకంలోకి ఎక్కించారు. దానితో మొత్తం క్రీడాజీవితపు బ్యాటింగ్ సగటులో వెయ్యికి 367 హిట్ల లెక్కతో ఎన్నో ఏళ్లు మొదటి స్థానంలో ఉన్న టై కాబ్ రెండోవాడయ్యాడు. వెయ్యికి 372తో గిబ్సన్ మొదటివాడయ్యాడు. పాత లెడ్జరు మళ్లీ తెరవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇంత దూరం ఎందుకు తీసుకొచ్చానంటే, మన ట్రస్టు దరఖాస్తులు ఐదేళ్లుగా నేనే సరిచూస్తున్నాను. అందులోనూ ఒక గడి ఉంది, "గత సంవత్సరం తప్పిన సబ్జెక్టులు" అని. దాదాపు అందరూ ఖాళీగా వదిలేస్తారు. ఒక సబ్జెక్టు పోయినంత మాత్రాన మన ట్రస్టు వేతనం ఆపదు. ఈ మాట ఫారం వెనక అచ్చు వేసి ఉంది, ఎవరూ చదవరు. నిరుడు ఒక అమ్మాయి ఆ గడి ఖాళీగా పంపింది. తర్వాత భయపడి సభకే రాలేదు. ఇంటికి కబురు పెడితే జ్వరమన్నారు. ఆమె చెక్కు మా బీరువాలో మూడు నెలలుండి గడువు తీరిపోయింది. ఈసారి ఆ గడి నింపి పంపింది. ఇవాళ వచ్చింది. ఎవరని అడగకండి.

ఇక పేర్లు పిలుస్తారు. జాబితా, కవర్ల మీద పేర్లు, చెక్కుల మీద అంకెలు అన్నీ నా చేతిరాతే. అక్షరమో అంకెో తప్పు పడితే మొహమాటపడకుండా ఇక్కడే నాకు చూపించండి. ఎర్రసిరా కలం తెచ్చుకున్నాను.