అమ్మ బాగానే ఉందన్నారు

ఈసారి స్టూడియో లేదు, లైట్లు లేవు. వడ్డాదిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడుతున్నాను. మధ్యలో చెరకు ట్రాక్టర్లు వెళ్తుంటాయి, ఆ చప్పుడుకి సర్దుకోండి.

"ఏమైపోయారు సార్, ఎపిసోడ్‌లు లేవేంటి" అని చాలామంది అడిగారు. చెప్తాను.

పోయిన వేసవిలో అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. అమ్మాయి ఇంటర్ అయిపోయి ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో ఉంది. ఇక్కడ ఊళ్ళో అమ్మ ఒక్కతే, డెబ్బై ఆరేళ్ళు. సరిగ్గా అప్పుడే అమెరికాలో ఒక యూనివర్సిటీ నుంచి పిలుపు, ఒక సెమిస్టర్ జర్నలిజం పాఠాలు చెప్పమని. ఇన్నేళ్ళ సర్వీసులో మొదటిసారి. వదులుకోలేకపోయాను. కౌన్సెలింగ్ మా ఆవిడ చూసుకుంది. అమ్మని అనకాపల్లిలో ఉండే చెల్లికి అప్పజెప్పి, ఆగస్టు చివర్లో విమానం ఎక్కేశాను.

మొదటి క్లాసులో నేను ఎప్పుడూ చెప్పే పాఠమే చెప్పాను. ఒక్క మనిషి చెప్తే అది వార్త కాదు, రెండో మనిషిని అడగాలి. ఫొటోలో ఏం కనిపిస్తోందో కాదు, ఫ్రేము బయట ఏముందో అడగాలి. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు.

రోజూ ఇంటికి వీడియో కాల్ చేసేవాణ్ణి. సెప్టెంబరు మధ్యలో ఒక పది రోజులు "నెట్ లేదురా" అని మామూలు కాలే మాట్లాడింది అమ్మ. తర్వాత మళ్ళీ వీడియో. ఎప్పుడు చూసినా అదే మంచం, అదే గోడ, మొహం ఒక్కటే. "బాగున్నావా అమ్మా?" అంటే "నాకేటిరా, రాయిలా ఉన్నాను" అనేది. చెల్లీ అదే మాట.

అక్టోబరులో ఓ రోజు మాట్లాడుతుంటే అమ్మ చేతిలోంచి ఫోన్ జారింది. ఒక్క క్షణం మంచం పక్కన వాకర్ కనిపించింది.

పెరట్లో కాలు జారి పడిందట. తుంటి ఎముక విరిగితే విశాఖ తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించి తీసుకొచ్చారు. నాకు చెప్పొద్దని అమ్మే చెల్లి చేత ఒట్టు వేయించుకుంది. "చెప్తే పని వదిలేసి వచ్చేస్తావు కదా" అంది.

ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954లో మొదలైంది. దాన్ని నిలబెట్టింది డిఫారెస్ట్ ఓడెల్ అనే అమెరికన్ ప్రొఫెసర్. నేను వెళ్ళిన దారికి ఎదురు దారిలో వచ్చారన్నమాట. ఆ రోజుల్లో ఇంటి కబురు కావాలంటే ఉత్తరాలే, జవాబుకి రోజులకి రోజులు. నా జేబులో మాత్రం కెమెరా ఉన్న ఫోన్ ఉంది.

ఇంకో మాట కూడా చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగానే ఉంది. పక్కింటి పిన్ని నంబరు నా ఫోన్‌లోనే ఉంది. ఆవిడకి అబద్ధం చెప్పడం రాదు. అన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఆవిడకి ఫోన్ చెయ్యలేదు. చేస్తే నిజం చెప్పేస్తుందని, అప్పుడు వెళ్ళాల్సి వస్తుందని, నాకు లోపల తెలుసేమో.

అక్కడివాళ్ళతో మాట్లాడి, మిగిలిన క్లాసులు ఆన్‌లైన్‌లో చెప్తానని ఒప్పించి వచ్చేశాను. విశాఖలో దిగి, అనకాపల్లి, చోడవరం మీదుగా ఇల్లు చేరేసరికి అమ్మ వాకర్ పట్టుకుని గుమ్మంలో ఉంది. ముందు తిట్టింది, తర్వాత అన్నం పెట్టించింది.

అక్కడ మధ్యాహ్నం రెండింటి క్లాసు ఇక్కడ రాత్రి పదకొండున్నరకి. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారు, దాంతో పన్నెండున్నర అయింది. నేను గొంతు తగ్గించి పాఠం చెప్తుంటే లోపలి గదిలోంచి అమ్మ, "ఏటిరా, ఆ పిల్లలకి నిద్ర రాదా?" అని అడిగేది. అక్కడ పగలని ఎన్నిసార్లు చెప్పినా మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న.

డిసెంబరులో మార్కులు కూడా ఇక్కణ్ణుంచే వేసి పంపాను. ఇప్పుడు అమ్మ వాకర్ లేకుండా వీధి గుమ్మం దాకా నడుస్తోంది.

మొన్న మళ్ళీ మెయిల్ వచ్చింది, వచ్చే ఆగస్టుకి రమ్మని. ఇంకా జవాబివ్వలేదు. "వెళ్ళరా, నాకేటి" అంటోంది అమ్మ. పిన్నిని కూడా అడగాలి.